కుక్కపిల్లకు ఇంటి వైద్యం, హోమియో గోళీలు: ఏది ఎంతసేపటి వరకు?

ఇంటికి కుక్కపిల్ల వచ్చిన వారంలోపే దాని వెంట సలహాలు కూడా వస్తాయి. పారుడు పట్టుకుంటే పెరుగన్నం పెట్టమని ఒకరు, గోమార్లు పడితే వేపనూనె రుద్దమని ఇంకొకరు, ఏ బాధకైనా నాలుగు హోమియో గోళీలు వేస్తే చాలు, దుష్ఫలితాలే ఉండవని మరొకరు చెబుతారు. వీటిలో కొన్ని నిజంగా పనికొస్తాయి, కొన్ని నష్టం లేనివి, కొన్ని మాత్రం ప్రాణం మీదికి తెచ్చేవి. మందు మంచిదా కాదా అన్న వాదన కంటే ముందు తేల్చుకోవలసిన సంగతి ఒకటుంది: ఆ మందును నమ్ముకొని ఎంతసేపు ఆగవచ్చు? అందుకే ఈ వ్యాసంలో ఇంటి వైద్యం గురించి చెప్పిన చోటల్లా దాని గడువు కూడా చెబుతున్నాను.

ఈ గడువు లెక్క నాకు ఆలస్యంగా తెలిసింది. హనుమకొండలో మా వీధి చివర ఆగి ఉన్న ట్రాలీ ఆటో కింద దొరికిన రెండు నెలల కుక్కపిల్లను ఇంటికి తెచ్చుకున్నాము. నాలుగో రోజు అది అన్నం ముట్టలేదు, రెండుసార్లు పసుపుపచ్చటి నురుగు కక్కింది. ఇంట్లో ఉన్న నక్స్ వామికా 30 అనే హోమియో గోళీలను చెంచాడు నీళ్లలో కరిగించి రెండు రోజులు పోశాను. మూడో రోజు తెల్లవారేసరికి గోనెసంచి పరుపు నెత్తురు విరేచనంతో తడిసిపోయి ఉంది; పెదవి ఎత్తి చూస్తే చిగుళ్లు సున్నం కొట్టినట్టు తెల్లగా, వేలికి అంటుకునేలా జిగటగా ఉన్నాయి. కుక్కపిల్లల పేగులను దెబ్బతీసే పార్వో వైరస్ జబ్బు అని డాక్టర్ చూడగానే చెప్పారు. సెలైన్ ఎక్కించినా సాయంత్రం దాకా నిలవలేదు. ఆ గోళీల వల్ల దానికి ఏ హానీ జరగలేదు, వాటిని వేసి నేను నిశ్చింతగా కూర్చోవడం వల్లే జరిగింది.

మొదటి మెట్టు: బాగున్నప్పుడే కొలిచి రాసి పెట్టుకోండి

కుక్కపిల్ల హుషారుగా ఉన్న రోజునే దాని బరువు, ఒంటి వేడి, చిగుళ్ల రంగు చూసి ఒక కాగితం మీద రాసుకోవాలి. బరువుకు ప్రత్యేకమైన యంత్రం అక్కరలేదు. చేతిసంచిలో కూర్చోబెట్టి కిరాణా కొట్టు కాటా మీద పెడితే సరిపోతుంది. నట్టల మందైనా, మరే మందైనా బరువును బట్టే ఇస్తారు కాబట్టి ఈ అంకె వారానికొకసారి మారుతూ ఉండాలి. ఎదిగే పిల్ల బరువు పెరగకపోవడమే ఒక జబ్బు గుర్తు.

ఒంటి వేడిని ముక్కు తడిగా ఉందా, పొడిగా ఉందా అని చూసి చెప్పలేము. డిజిటల్ థర్మామీటర్ కొనకు కొబ్బరినూనె రాసి మలద్వారంలో కొద్దిగా ఉంచి చూడాలి. రెండు నెలలు దాటిన పిల్లకు 101 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్ మామూలు వేడే, మన 98.6 తో పోల్చుకొని జ్వరమని కంగారుపడి పారాసిటమాల్ ఇవ్వకూడదు. మనుషుల నొప్పి మాత్రలు, ముఖ్యంగా ఐబుప్రొఫెన్, కుక్కల కడుపును, మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. చిగుళ్లు గులాబీ రంగులో తడిగా ఉండాలి, వేలితో నొక్కి వదిలితే రెండు సెకన్లలో మళ్లీ రంగు రావాలి. ఈ ఒక్క పరీక్ష నేర్చుకున్నవారు సగం డాక్టర్ అయినట్టే.

రెండో మెట్టు: తిండినే మందుగా వాడండి

మన దగ్గర కుక్కపిల్ల కనబడగానే గిన్నెడు బర్రె పాలు పోస్తారు. తల్లి పాలు మరిచిన పిల్లల్లో చాలావాటికి ఆ పాలలోని చక్కెర అరగదు, పైగా బర్రె పాలలో వెన్న ఎక్కువ. మరునాటి పారుడుకు చాలా ఇళ్లలో అదే మొదటి కారణం. పాలు ఆపి, మెత్తగా ఉడికించిన అన్నంలో ఉప్పు, కారం, నూనె లేకుండా ఉడికించిన చికెన్ తునకలు కలిపి రోజుకు నాలుగు సార్లు కొద్దికొద్దిగా పెట్టాలి. ఉడికిన చికెన్ బొక్కలు చీలికలుగా విరిగి పేగులకు గుచ్చుకుంటాయి కాబట్టి బొక్కలు వద్దు.

సర్వపిండి ముక్క ముద్దుగా విరిచి వేసే అలవాటు మా ఇంట్లోనూ ఉండేది. అందులో పడే ఉల్లికాడలు, వెల్లుల్లి కుక్కల ఎర్ర రక్తకణాలను పగలగొడతాయి. నట్టలు పోతాయని వెల్లుల్లి రెబ్బలు మింగించడం కూడా ఈ కారణంగానే తప్పు. ఎండుద్రాక్ష, ద్రాక్ష మూత్రపిండాలను పాడుచేస్తాయి. చాక్లెట్, జైలిటాల్ కలిపిన చక్కెర లేని తీపి పదార్థాలు అసలే పెట్టకూడదు.

నట్టల విషయంలో వేపాకు పసరు, వాము, గుమ్మడి గింజలు అంటూ కాలం గడపవద్దు. గుండ్రటి నట్టలు తల్లి కడుపులో ఉండగానే, తరువాత పాల ద్వారా కూడా పిల్లకు వస్తాయి. రెండు వారాల వయసు నుంచి ఎనిమిది వారాల దాకా రెండు వారాలకొకసారి, ఆ తరువాత ఆరు నెలలు వచ్చేదాకా నెలకొకసారి పశువైద్యుడు రాసిన నట్టల మందు వేయాలి. ఇంటి వైద్యానికి ఇక్కడ గడువు సున్నా.

మూడో మెట్టు: పారుడు పట్టుకున్నప్పుడు

లంఘనం పరమౌషధమన్న మాట పెద్ద కుక్కకు కొంతవరకు చెల్లుతుంది గాని కుక్కపిల్లకు చెల్లదు. దాని ఒంట్లో నిల్వ ఉండే చక్కెర తక్కువ కాబట్టి పస్తు పెడితే గంటల్లోనే వణికి కూలబడుతుంది. అలా నీరసించి పడిపోతే కాస్త తేనెనో, గ్లూకోజ్ నీళ్లనో వేలితో చిగుళ్లకు రుద్ది, వెచ్చగా గుడ్డలో చుట్టి, ఆ చేత్తోనే ఆసుపత్రికి బయలుదేరాలి.

పిల్ల ఆడుకుంటూ, తింటూ, కేవలం పలుచగా వెళుతున్నట్లయితే ఇంట్లో చేయగలిగింది చాలానే ఉంది. మెత్తటి చికెన్ అన్నంలో ఉడికించి మెదిపిన తీపి గుమ్మడి కలపాలి. రెండు, మూడు కిలోల పిల్లకు పూటకు ఒక చిన్న చెంచాడు చాలు. ఇది బూడిద గుమ్మడి కాదు, కూర వండుకునే పసుపుపచ్చ గుమ్మడి. దానిలోని పీచు నీటిని పట్టి ఉంచుతుంది, అందువల్ల పారుడుకూ మలబద్ధకానికీ ఒకే వస్తువు పనిచేస్తుంది. మలబద్ధకానికి ఆముదం పోయడం మాత్రం మానుకోవాలి. పులవని పెరుగు ఒక చెంచాడు కలిపినా మంచిదే, అది పడని పిల్లలు కొన్ని ఉంటాయి గనుక మొదటిసారి కొద్దిగానే పెట్టి చూడాలి.

నీళ్లు తగ్గకుండా చూడటమే అసలైన వైద్యం. ఓఆర్‌ఎస్ పొట్లాన్ని లీటరు నీళ్లలో కలిపి, సూది తీసేసిన సిరంజితో పావుగంటకొకసారి ఒకటి, రెండు చిన్న చెంచాలు పోయాలి. సిరంజిని గొంతులోకి కాకుండా బుగ్గ పక్కన పెట్టి, పిల్ల నాకుతూ మింగేలా మెల్లగా నొక్కాలి. తల వెనక్కి వంచి పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

ఈ వైద్యానికి గడువు ఒక్క రోజు. ఇరవై నాలుగు గంటల్లో విరేచనం గట్టిపడకపోతే పశువైద్యుని దగ్గరికి వెళ్లాలి. వాంతులు కూడా తోడైనా, నెత్తురు కనబడినా, భరించలేని దుర్వాసన వచ్చినా, పిల్ల మూల పట్టుకొని పడుకున్నా గడువు సున్నా. గుమ్మడి కోసం కూడా వెతకవద్దు. పార్వో వైరస్‌ను చంపే మందు ఆసుపత్రిలోనూ సాధారణంగా ఉండదు, కాని సెలైన్, వాంతులు ఆపే ఇంజెక్షన్లు, ఇతర సూక్ష్మక్రిములను అదుపు చేసే మందులు పిల్లను ఆ నాలుగైదు రోజులు దాటిస్తాయి. వరంగల్ పక్కనే మామునూరులో పశువైద్య కళాశాల ఉంది, మీ వీధికి దగ్గరి పశువైద్యశాల ఏదో, రాత్రిపూట ఎవరు చూస్తారో పిల్లను తెచ్చిన రోజే కనుక్కొని పెట్టుకోవాలి.

పార్వో వచ్చిపోయిన ఇంట్లో వైరస్ నెలల తరబడి బతికే ఉంటుంది. వేపాకు పొగకు, సాంబ్రాణి పొగకు అది చావదు. ఒక వంతు ఇంటి బ్లీచ్ ద్రవానికి ముప్పై వంతుల నీళ్లు కలిపి, ముందుగా శుభ్రంగా కడిగిన నేల మీద పది నిమిషాలు నిలవనివ్వాలి. ఆ నీళ్లు ఆరేదాకా కుక్కపిల్లలను ఆ గదిలోకి రానివ్వకూడదు.

నాలుగో మెట్టు: చర్మం, గోమార్లు, చిన్న గాయాలు

వేప ఇక్కడ నిజంగా అక్కరకొస్తుంది. రెండు గుప్పిళ్ల ఆకును రెండు లీటర్ల నీళ్లలో మరిగించి, వడకట్టి, గోరువెచ్చగా చల్లారిన తరువాత రెండు నెలలు దాటిన పిల్లకు ఒళ్లు తడపవచ్చు. చిన్నపాటి దురద తగ్గుతుంది. కుంకుడు రసం మాత్రం వద్దు, కళ్లలో పడితే మనకే ఓర్వరాదు. గానుగ వేపనూనెను అలాగే పూస్తే చర్మం మంట పుడుతుంది, నాకితే వాంతులవుతాయి. చలికాలంలో స్నానం చేయించిన వెంటనే తుడిచి ఎండలో ఆరబెట్టాలి. పొడిబారి పగిలిన పాదాలకు పలుచగా కొబ్బరినూనె చాలు.

గోమార్లను చేతితో నలపకుండా, సన్నటి పట్టకారుతో చర్మానికి ఆనుకొని పట్టి తిన్నగా లాగి సబ్బునీళ్లలో వేయాలి. అగరుబత్తితో కాల్చడం, కిరోసిన్ రాయడం, పొగాకు నీళ్లు పూయడం మానుకోవాలి. పత్తి పండే మన పల్లెల్లో ఇంకో ప్రమాదం ఉంది: చేనుకు కొట్టగా మిగిలిన పురుగుమందును నీళ్లలో కలిపి కుక్క ఒంటికి పూస్తారు. గోమార్లు రాలతాయి, నిజమే. కాని నాకిన పిల్ల నోటి నుంచి చొంగ కారుతూ, కొట్టుకుంటూ చనిపోతుంది. వయసుకు, బరువుకు తగిన గోమార్ల మందు డాక్టర్ దగ్గర దొరుకుతుంది. ఒంటి మీద ఒక గోమారి కనబడితే షాబాద్ బండల సందుల్లో, గోడ పగుళ్లలో వాటి గుడ్లు ఉన్నట్టే లెక్క, ఆ సందులను కూడా శుభ్రం చేయాలి. గోమార్లు పడిన పిల్లకు జ్వరం, చిగుళ్లు పాలిపోవడం కనబడితే అదే రోజు రక్తపరీక్ష చేయించాలి.

గీరుకుపోయిన గాయాన్ని అర లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఒక చిన్న చెంచాడు ఉప్పు కలిపి కడిగి, కొద్దిగా పసుపు అద్దవచ్చు. రెండు రోజుల్లో ఆరకపోతే చూపించాలి. కుక్క కాటు గాటు పైకి చిన్నగా కనబడినా లోపల లోతుగా ఉంటుంది, దానికి పసుపు సరిపోదు. వానాకాలంలో పుండులో పురుగులు పడితే పశువులకు సీతాఫలం ఆకు నూరి కూరినట్టు, కర్పూరమో కలరా ఉండలో పొడిచేసి నింపినట్టు పిల్లకు చేయకూడదు. కర్పూరం కుక్కలకు మూర్ఛ తెప్పిస్తుంది.

మే నెలలో వడదెబ్బ తగిలిన పిల్లను మామూలు చన్నీళ్లతో తడిపి ఫ్యాన్ గాలికి పెట్టి వెంటనే తీసుకెళ్లాలి, ఐసు గడ్డలు వద్దు.

ఐదో మెట్టు: హోమియో గోళీలు వాడాలనుకుంటే

జర్మన్ వైద్యుడు శామ్యూల్ హానిమన్ 1796లో ఈ పద్ధతిని ప్రతిపాదించాడు. సీసా మీద 30 అని ఉంటే, మూల పదార్థాన్ని నూరు పాళ్లలో ఒక పాలుగా పలుచన చేసే పనిని ముప్పై సార్లు చేశారని అర్థం. పన్నెండు సార్లు దాటేసరికే అసలు పదార్థపు అణువు ఒక్కటైనా మిగిలే అవకాశం దాదాపు ఉండదు. ఆస్ట్రేలియా జాతీయ ఆరోగ్య, వైద్య పరిశోధన మండలి 2015లో అధ్యయనాలను పరిశీలించి, హోమియో పనిచేస్తుందని నమ్మదగిన ఆధారం ఏ జబ్బు విషయంలోనూ లేదని తేల్చింది. మా బంధువుల్లో దీన్ని ఒప్పుకోనివారు చాలామంది ఉన్నారు, వారితో నేను వాదించడం మానేశాను. ఈ కింది మూడు షరతులు మాత్రం వారు కూడా పాటిస్తున్నారు.

ఒకటి, 30 కంటే తక్కువ అంకె ఉన్నవీ, మదర్ టింక్చర్లూ (ఇంకా పలుచన చేయని మూల ద్రావణాలు) పిల్ల నోట్లో వేయకూడదు. నక్స్ వామికా అంటే మన అడవుల్లోని ముష్టి గింజే, అందులోని స్ట్రిక్నిన్ కుక్కలకు భయంకరమైన విషం; ఆర్సెనికమ్ పాషాణం. టింక్చర్లలో సారాయి కూడా ఎక్కువగా ఉంటుంది. గాయాలకు వాడే కాలెండ్యులా టింక్చర్‌ను కూడా నేరుగా పోస్తే పిల్ల అరిచి గగ్గోలు పెడుతుంది. అన్నట్టు, ఈ కాలెండ్యులా మనం బతుకమ్మలో పేర్చే బంతి కాదు, అది వేరే మొక్క. ఇంటి బంతిపూలు నూరి కట్టవద్దు.

రెండు, గోళీ వేసిన సమయాన్ని కాగితం మీద రాయాలి. పైన చెప్పిన గడువులు గోళీ వేసినంత మాత్రాన పెరగవు.

మూడు, టీకాకు బదులుగా నోసోడ్ అనే, జబ్బు తాలూకు పదార్థాన్నే పలుచన చేసి తయారుచేసే హోమియో మందు ఇస్తామంటే ఒప్పుకోకూడదు. పార్వో, డిస్టెంపర్ (కుక్కల ప్రాణం తీసే మరో వైరస్ జబ్బు) టీకా ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి, రెండు నుంచి నాలుగు వారాల ఎడంతో పదహారు వారాలు నిండేదాకా వేయించాలి; రేబిస్ టీకా పన్నెండు వారాలకు వేస్తారు. అంతలోపు ఆడుతూ పిల్ల మిమ్మల్ని నెత్తురు వచ్చేలా కొరికితే పసరు కట్టించుకోకుండా, కారం పూయకుండా, పదిహేను నిమిషాలు సబ్బుతో పారే నీళ్ల కింద కడిగి ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లాలి. టీకాల చివరి మోతాదు పడిన తరువాత కూడా రెండు వారాలు ఆగాలి. అప్పటిదాకా వీధి కుక్కలు తిరిగే చోట నేల మీద వదలకుండా, లోకం చూడటానికి పిల్లను చంకనేసుకొని తిప్పండి.