హారాలు వేరుగా ఉన్న భిన్నాలను ఎలా కూడాలి?

1/2 + 1/3 ఎంత అని అడిగితే చాలామంది పిల్లలు పైవి పైవి, కిందివి కిందివి కూడేసి 2/5 అంటారు. తప్పని కొట్టేసే ముందు, 2/5 సగం కన్నా ఎక్కువా తక్కువా అని అడగండి. సగానికి ఇంకొంత కలిపితే సగం కన్నా తగ్గిపోయిందేంటని వాళ్లకే అనుమానం వస్తుంది, అక్కణ్ణుంచి చెప్పడం సులువు.

కింద ఉండే హారం ముక్క సైజు చెబుతుంది, పైనున్న లవం అలాంటి ముక్కలు ఎన్ని ఉన్నాయో చెబుతుంది. ముక్కల సైజు ఒకటైతేనే లెక్కపెట్టి కూడగలం. బెంగళూరులో ఉంటే ఫ్రిజ్ తెరిచి చూపించండి: నందిని పెరుగు అరకిలో పాకెట్ ఒకటి, 200 గ్రాములది ఒకటి. అంటే 1/2 కిలో, 1/5 కిలో. ఈ రెండింటినీ పదో వంతులుగా మారిస్తే 5/10, 2/10 అవుతాయి, మొత్తం 7/10. పాకెట్ల మీద గ్రాములు కూడి చూసినా 700 వస్తుంది. పిల్లలు నమ్మాలంటే ఇలా రెండో దారిలో సరిచూసుకోవడం చాలా ముఖ్యం, ఎందుకో స్కూళ్లలో దీన్ని పెద్దగా పట్టించుకోరు.

ఇప్పుడు కొంచెం కష్టమైనది, 5/12 + 3/8 చేద్దాం. ముందుగా హారాల్లో పెద్దదాన్ని పట్టుకుని దాని ఎక్కం చదవండి. 12ను 8 భాగించదు, తర్వాతి 24ను భాగిస్తుంది, అక్కడ ఆగండి, అదే క.సా.గు. (పిల్లల భాషలో ఎల్‌సీఎం). తర్వాత 12ను 24 చేయడానికి 2తో గుణించాం కాబట్టి పైనున్న 5ను కూడా 2తోనే గుణించాలి: 10/24. అలాగే 8ని 3తో గుణించాం, పైన కూడా 3తో: 9/24. పైనా కిందా ఒకే అంకెతో గుణిస్తే ముక్కలు చిన్నవవుతాయి, వాటి సంఖ్య పెరుగుతుంది, అసలు మొత్తం మాత్రం మారదు. ఎక్కువ మంది తడబడేది ఇక్కడే, కింద మార్చేసి పైన మర్చిపోతారు. ఇక లవాలు కూడండి, 19/24. హారాన్ని మాత్రం కూడకండి.

క.సా.గు. దొరకలేదా? పర్లేదు, 12ను 8తో గుణించి 96 పెట్టుకోండి. 40/96 + 36/96 = 76/96, దాన్ని 4తో కుదిస్తే మళ్లీ 19/24. జవాబు ఒకటే, అంకెలు పెద్దవవుతాయి, అంతే. ట్యూషన్లలో నేర్పే అడ్డగుణకారం చిట్కా కూడా నిజానికి ఇదే. రెండు భిన్నాలైతే బాగానే నడుస్తుంది గానీ 1/2 + 1/3 + 1/4 లాంటిది ఇస్తే పిల్లలు బిక్కమొహం వేస్తారు. పద్ధతిగా చేస్తే 6/12 + 4/12 + 3/12, అంటే 13/12.

మన తాతలు ఇదంతా నోటిలెక్కగా చేసేవాళ్లు. 1957లో నయాపైసలు వచ్చేదాకా రూపాయికి 16 అణాలు కదా, అర్ధరూపాయి, పావలా, బేడ కలిపితే ఎంతంటే 8, 4, 2 కూడి పద్నాలుగు అణాలని చెప్పేసేవాళ్లు. 1/2 + 1/4 + 1/8 లెక్క 16 హారంతో అయిపోయింది!

తీసివేతకీ ఇదే దారి. ఏది పెద్దదో తేల్చాలన్నా ఇంతే: 5/8, 7/12 పక్కపక్కన పెడితే ఏమీ తెలియదు, 15/24, 14/24 అని రాస్తే వెంటనే తెలుస్తుంది. గుణకారానికి మాత్రం ఈ తంటా అక్కర్లేదు, పైవి పైవి, కిందివి కిందివి నేరుగా గుణించేయొచ్చు, 1/2 × 1/3 = 1/6. కూడిక బాగా వచ్చాక కొందరు పిల్లలు గుణకారంలో కూడా హారాలు సమానం చేస్తూ కూర్చుంటారు. జవాబు తప్పు కాదు గానీ పరీక్షలో టైం వృథా.