పెంకుల్ని కుండగా అతికించడం ఎలా?

తెలంగాణలోని పెద్దబంకూరు, కొండాపూర్ తవ్వకాల్లో దొరికిన రోమన్ నాణేల పక్కనే రాకాసి గుళ్ల (పెద్దరాళ్లు పేర్చి కట్టిన పాతకాలపు సమాధుల) ఎరుపు-నలుపు కుండల్ని గ్యాలరీల్లో పెడుతుంటారు. నాణేనికి అద్దాల పెట్టె చాలు. ముక్కలైన పెంకుల్ని అతికించబోయి చేతులారా పాడుచేసేది కుండనే.

కావాల్సినవి: పారలాయిడ్ బి-72 గుళికలు (జిగురుగా వాడే యాక్రిలిక్ రెజిన్), దాన్ని కరిగించే అసిటోన్, మూతబిగించే గాజుసీసా, పేపర్ టేపు, మెత్తని బ్రష్షు, ఇసుక పళ్లెం. గుళికల్ని పలచని గుడ్డలో మూటకట్టి అసిటోన్‌లో వేలాడదీయండి, కరిగితే అదే జిగురు. అడుగున వేస్తే ముద్ద కడతాయి. పెంకుల్ని నీళ్లతో కడిగి నీడలో ఆరబెట్టండి. యాసిడ్ వద్దు. లోపలివైపు మసి, అడుగంటిన పొర ఉంటే అసలు కడగొద్దు. అది పరీక్షకు పనికొస్తుంది.

పొడిపొడిగా రాలే అంచులకు 100 మి.లీ. అసిటోన్‌లో 10 గ్రాముల బి-72 కలిపిన పలచని ద్రావణం పూసి ఆరనివ్వండి.

పని చెడేది ఇక్కడే. జిగురు ముట్టుకోకముందు కుండ మొత్తాన్ని టేపుతోనే నిలబెట్టాలి. ప్రతి పెంకు మీదా టేపు ముక్కపై నంబరు వేసి, వరస రాసుకోవాలి. ఈ పని ఎగ్గొట్టి దొరికిన జతను దొరికినట్టు అతికిస్తే రెండు ముక్కల మధ్య మూడోది దూరదు. అతుకుల్లో అర మిల్లీమీటరు తేడాలు పేరుకుంటూ పోయి, మూతి దగ్గరి చివరి పెంకు బయటే మిగిలిపోతుంది. అందుకే అడుగు నుంచే మొదలుపెట్టి, చుట్టు తర్వాత చుట్టుగా పైకి రావాలి. మూతి నుంచి మొదలెట్టేవాళ్లూ ఉన్నారు. గుండ్రటి అడుగున్న కుండకు అది దండగ పని.

చిక్కటి జిగురు ఒక అంచుకే, సన్నగా. నొక్కిన వెంటనే అతుకు మీద గోరు అడ్డంగా లాగండి. కంటికి కనబడని మెట్టు గోటికి తగులుతుంది. తగిలితే అసిటోన్‌తో విప్పి మళ్లీ పెట్టండి. గట్టిపడ్డాక అసిటోన్‌లో కరగని ఎపాక్సీ జిగురు వాడితే ఈ అవకాశం ఉండదు, పెంకు విరగ్గొట్టడమే. బరువు నిట్టనిలువుగా అతుకు మీద పడేలా ఇసుకలో గుచ్చి, ఒక్కో చుట్టును ఒక రోజు ఆరనివ్వండి. టేపును మాత్రం ఆ సాయంత్రమే తీసేయాలి, పైకి పీకకుండా వెనక్కి మడిచి లాగుతూ. లేకపోతే నునుపు పూత ఊడివస్తుంది.

బి-72 దాదాపు 40 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. ఏసీ లేని గ్యాలరీలో మే నెలకల్లా కుండ భుజం జారుతుంది. అలాంటి చోట మూడు పాళ్ల బి-72కి ఇంకాస్త వేడికి గానీ మెత్తబడని బి-48ఎన్ అనే పారలాయిడ్ ఒక పాలు కలపాలి.

ఖాళీల్లో కుండ నిలబడటానికి అవసరమైనంత మేరకే ప్లాస్టర్ నింపండి, రంగు ఒక ఛాయ తక్కువగా. మూతి అంచు ఒక్క ముక్కా దొరక్కపోతే మూతి కట్టొద్దు.