మలుపులో ఆయిల్ ప్రెషర్ పడిపోతోందా? పంపు కొనే ముందు ఇది చూడండి

అమెరికా ఊళ్లలోని చిన్న ఓవల్ ట్రాకుల్లో స్ట్రీట్ స్టాక్ కార్లు (రేసుకి మార్చిన మామూలు రోడ్డు కార్లు) నడిపేవాళ్లు, ముఖ్యంగా షెవీ 350 స్మాల్ బ్లాక్ (షెవర్లే V8 ఇంజిన్) వాళ్లు, చెప్పే బాధ ఒకటే. స్ట్రెయిట్‌లో ప్రెషర్ బాగుంటుంది, మలుపు మధ్యలో గేజ్ ముల్లు దబ్బున పడుతుంది, బయటికి రాగానే మళ్లీ లేస్తుంది. మర్నాడే హై వాల్యూమ్ పంపుకి, అంటే ఎక్కువ ఆయిల్ తోసే పంపుకి, ఆర్డర్ పెడతారు. చేతి చమురు వదలడం తప్ప ఒరిగేదేమీ ఉండదు.

ముందు డిప్‌స్టిక్ తీయండి. "చూశానన్నా" అంటారు. ఎప్పుడు అంటే, పోయిన శనివారం రేసుకి ముందు! కారు చదునైన నేల మీద ఉండగా చూడాలి, ట్రెయిలర్ మీద వాలుగా ఉన్నప్పుడు కాదు. తర్వాత మెకానికల్ గేజ్ తగిలించి కొలవండి. వేడెక్కిన ఇంజిన్‌కి 1000 ఆర్‌పీఎంకి 10 పీఎస్ఐ చొప్పున ఉంటే చాలు.

ఓవల్‌లో అన్నీ ఎడమ మలుపులే కాబట్టి ఆయిల్ అంతా కుడివైపుకి పోతుంది. ఒహాయోలోని ఎల్డోరాలో మలుపులు 24 డిగ్రీల వాలు, అక్కడ కారు కిందికి నొక్కుకుంటుంది కాబట్టి ఆ పోటు కొంత తగ్గుతుంది. విన్‌స్టన్-సేలంలోని బౌమన్ గ్రే పావు మైలు చదును ట్రాక్, అక్కడ ఆ పోటుని తగ్గించేదేమీ ఉండదు. రోడ్డు కారు పాన్‌తోనే (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) నెట్టుకొస్తుంటే, కుడివైపు ఉబ్బు, లోపల ఆయిల్ పక్కకి పారిపోకుండా ఆపే తలుపుల బాఫిల్ ఉన్న రేసింగ్ పాన్ వేయండి.

పాన్ మంచిదే, లెవెల్ సరిగ్గానే ఉంది, అయినా ముల్లు పడుతోందా? అయితే పాన్ అడుగు నుంచి పంపులోకి ఆయిల్ లాగే పికప్ ట్యూబ్‌ని అనుమానించండి. స్మాల్ బ్లాక్‌లో ఆ ట్యూబ్‌ని పంపులోకి బిగువుగా దిగగొడతారంతే. వైబ్రేషన్‌కి మెల్లగా వదులవుతుంది. షెడ్డులో ఎంత రేజ్ చేసినా దొరకదు, ఎందుకంటే పాన్ నిండుగా ఉన్నప్పుడు ఆ జాయింట్ ఆయిల్‌లోనే మునిగి ఉంటుంది. రేసులో కొంత ఆయిల్ పైన వాల్వ్ కవర్లలో చిక్కుకుంటుంది, మిగిలింది కుడివైపు పోతుంది, అప్పుడు జాయింట్ బయటపడి గాలి పీలుస్తుంది. అసలు మాయ ఏంటంటే, ఒక లీటరు ఎక్కువ పోస్తే సమస్య తగ్గినట్టే ఉంటుంది. "లెవెలే కారణం" అనుకుని అలాగే తిప్పుతారు. క్రాంక్‌షాఫ్ట్ ఆ ఆయిల్‌ని చిలికి నురగ చేస్తుంది, చివరికి దాన్ని మోసే మెయిన్ బేరింగులు పోతాయి.

కారు ట్రాక్ మీంచి పిట్‌లోకి రాగానే డిప్‌స్టిక్ మీద నురగ ఉందేమో చూడండి. పాన్ విప్పాక ట్యూబ్‌ని చేత్తో తిప్పండి. ఇసుమంత కదిలినా అదే దొంగ. కదలకపోయినా, జాయింట్ చుట్టూ రాసుకుపోయి మెరుస్తున్న రింగు కనిపిస్తే దాదాపు ఖాయం.

పాతదాన్నే మళ్లీ కొట్టి దించకండి. మీ పాన్ లోతుకి సరిపోయే కొత్త పికప్ తెచ్చి, దానికోసం ఉన్న డ్రైవర్ టూల్‌తోనే దించండి. పికప్ చివరనున్న జాలీ కింద కాస్త క్లే ముద్ద పెట్టి, గాస్కెట్‌తో సహా పాన్ ఒకసారి బిగించి విప్పండి. నలిగిన క్లే మందం 3/8 అంగుళం ఉండాలి. పావు అంగుళం కంటే తక్కువైతే ఆయిల్ లాగదు, అర అంగుళం దాటితే గాలి లాగుతుంది. కుదిరాక ఆ జాయింట్‌కి టాక్ వెల్డ్ (చిన్న చుక్క వెల్డింగ్) వేయండి. వెల్డింగ్‌కి ముందు పంపులోంచి గేర్లు, రిలీఫ్ స్ప్రింగ్ (ప్రెషర్ హద్దు దాటకుండా చూసే వాల్వ్‌ది) తీసేయాలి, లేదంటే వేడికి స్ప్రింగ్ పట్టు పోయి మొదటికే మోసం. వెల్డ్ అయ్యాక క్లే కొలత మళ్లీ తీయండి, వేడికి ట్యూబ్ జరిగి ఉండొచ్చు. పంపుకీ, అది బిగించే మెయిన్ బేరింగ్ క్యాప్‌కీ మధ్య గాస్కెట్ వేయకూడదు.

ఆయిల్ ఫిల్టర్ కోసి మడతల్లో మెరిసే తునకలున్నాయేమో చూడకుండా స్టార్ట్ చేయొద్దు. ఉంటే బేరింగులు విప్పాల్సిందే.

రిలీఫ్ వాల్వ్ ఇరుక్కోవడం, పంపు షాఫ్ట్ కాలర్ విరగడం లాంటివి అరుదు, పంపు ఎలాగూ చేతిలో ఉంది కాబట్టి ఓ చూపు వేస్తే చాలు. మీది సీలు వేసిన 602 క్రేట్ ఇంజిన్ (జీఎం కంపెనీ పూర్తిగా బిగించి అమ్మేది) అయితే మాత్రం పాన్ జోలికి పోకండి. సీలు తెగితే టెక్ ఇన్‌స్పెక్షన్‌లో (రేసు నిర్వాహకుల తనిఖీ) ఆపేస్తారు. గుర్తింపు ఉన్న రీబిల్డర్‌కి పంపి, పికప్ వెల్డ్ చూడమని చీటీ రాసి పెట్టండి.