పాత చీరకు కత్తెర పెట్టే ముందు

గల్లీలోకి స్టీలు సామాన్ల గంప వచ్చిందంటే మా నల్లగొండ రామగిరి వైపు ఇళ్ళల్లో బీరువాలు తెరుచుకుంటాయి. పాత గద్వాల చీరలు రెండు ఇస్తే ఒక డబ్బా, పోచంపల్లి ఇస్తే పాలగిన్నె. బేరమాడి పైన ఒక గరిటె కూడా రాబడతారు. నేను ఇంట్లోనే మిషన్ పెట్టుకుని జాకెట్లు కుడతాను. అందుకే చుట్టుపక్కల వాళ్ళకు ఎప్పుడూ ఇదే మాట చెప్తుంటాను: "అక్కా, గిన్నెలు ప్రకాశం బజార్ల ఎప్పుడన్నా దొరుకుతయి. ఈ అంచు మళ్ల దొరకది. నాకు ఒకసారి చూపించినంకనే ఇయ్యి."

చీర అంతా ఒకేసారి పాడవదు. కాలి మడమ తగిలే కింది అంచు, కుచ్చిళ్ళు, పిన్ను గుచ్చే చోటు ముందు పోతాయి. ఏళ్ళ తరబడి మడత మార్చకుండా పెట్టిన పట్టు చీరైతే మడతల వెంట చిట్లుతుంది. పై అంచు, లోపల చెక్కుకునే కొస, చాలాసార్లు కొంగు కూడా గట్టిగానే ఉంటాయి. కాబట్టి ముందు మనకు కావలసింది వెలుతురు, కత్తెర తర్వాత. ఎండ బాగా ఉన్నప్పుడు చీరను దండెం మీద వేసి వెనుక వైపు నిలబడి చూడండి. పలచబడిన చోట్లు చుక్కలు చుక్కలుగా మెరుస్తాయి. వాటి చుట్టూ సుద్దతో గీత పెట్టండి. తర్వాత రెండు బొటనవేళ్ళ మధ్య బట్టను పట్టుకుని అడ్డంగా, నిలువుగా లాగి చూడండి. పట్టు చిటపటమంటే ఆ భాగంతో సంచి, దిండు గలేబు లాంటి బరువు పడే పనులు పెట్టుకోవద్దు.

ఏ చీరతో ఏం చేయాలన్నది దాని నేతను బట్టి ఉంటుంది. మా తల్లిగారిది ఇక్కత్ నేసే వైపు సంస్థాన్ నారాయణపురం, అత్తమ్మది నారాయణపేట వైపు మక్తల్. అందుకని మా ఇంట్లో ఇటు ఇక్కత్, అటు నారాయణపేట రెండూ ఉన్నాయి. పోచంపల్లి ఇక్కత్‌లో నూలుకు ముందే ముళ్ళు కట్టి రంగు అద్దుతారు, ఆ తర్వాతే నేత. అందుకే బట్టకు రెండు వైపులా డిజైన్ ఒకేలా కనిపిస్తుంది. పై వైపు ఎండకు వెలిస్తే లోపలి వైపు తిప్పి వాడుకోవచ్చు. కర్టెన్‌కు, లైనింగ్ లేని చున్నీకి దీన్ని మించిన బట్ట లేదు. వెనక్కి తిప్పితే డిజైన్ వెలవెలబోతోందంటే అది ఇక్కత్ కాదు, ఇక్కత్ ప్రింట్. దానితోనూ కుట్టుకోవచ్చు, కానీ వెనుక వైపు కనిపించే వస్తువులకు పనికిరాదు.

గద్వాల చీర వేరే రకం. బాడీ నూలు, అంచూ కొంగూ పట్టు. ఆ రెండూ కలిసే గీత మీద కత్తెర పెడితే పోగులన్నీ ఊడొస్తాయి. అంచు కావాలంటే నూలు వైపు అరంగుళం వదిలి కత్తిరించి, ఆ అరంగుళాన్ని లోపలికి మడవండి. నారాయణపేట నూలు చీరైతే నాలాంటి వాళ్ళకు పండగే. గళ్ళు ఉంటే స్కేలు కూడా అక్కర్లేదు, గడి వెంట కత్తెర నడిపితే చాలు. గళ్ళు లేని చీరకు అడ్డం నుంచి ఒక పోగు పట్టుకుని మెల్లగా లాగండి. బట్టలో సన్నటి గీత పడుతుంది. దాని మీదే కత్తిరిస్తే వంకర పోదు.

కత్తిరించే ముందు ఉతకాలి. ముందు రంగు దిగుతుందో లేదో చూడండి: తడిపిన తెల్ల దస్తీని చీర మూల మీద పెట్టి గట్టిగా ఒత్తితే తెలిసిపోతుంది. రంగు అంటితే దానిని తెల్లబట్టతో కలిపి కుట్టొద్దు. ఉప్పు నీళ్ళలో నానబెడితే రంగు నిలుస్తుందని చెప్తారు కానీ, దిగే రంగు ఉప్పుకు ఆగదు. నూలును చల్లటి నీళ్ళలో, పట్టును కుంకుడు రసంలో తేలిగ్గా ఉతికి నీడలో ఆరేయండి. ఇస్త్రీ చేసేటప్పుడు జరీ మీద పలచటి నూలు బట్ట పరవండి.

ఇప్పుడు నాకు బాగా నచ్చిన పని, సోఫా దిండు గలేబు. 16 అంగుళాల దిండు తీసుకోండి. చీర వెడల్పు మామూలుగా 46 అంగుళాలకు అటూ ఇటూ ఉంటుంది. పొడుగులో 17 అంగుళాలు కొలిచి, ఈ అంచు నుంచి ఆ అంచు దాకా ఒక పట్టీ కత్తిరించండి. ఒక గలేబు మొత్తం ఆ పట్టీలోనే వస్తుంది. రెండు అంచుల వైపు నుంచి చెరి 12 అంగుళాలు వేరు చేయండి, అవి వెనుక ముక్కలు. నడుమ మిగిలిన దాంట్లో డిజైన్ మధ్యకు వచ్చేలా 17 అంగుళాలు తీయండి, అది ముందు ముక్క. ముందు ముక్క మంచి వైపు పైకి ఉండేలా పరిచి, వెనుక ముక్కలను దాని మీద బోర్లా వేయండి. చీర అంచులు రెండూ మధ్యలో ఒకదాని మీద ఒకటి ఎక్కాలి. అంచు ఎలాగూ నేసిన కొస కాబట్టి దాన్ని మడిచి కుట్టే పని కూడా ఉండదు. చుట్టూ అరంగుళం లోపల కుట్టి, మూలలు కొంచెం కత్తిరించి, తిప్పండి. జిప్పు లేదు, గుండీలు లేవు. అంచులు ఏడు అంగుళాలు ఒకదాని మీద ఒకటి ఉంటాయి కాబట్టి దిండు బయటికి రాదు. వెనుక వైపు అంచు కనిపిస్తుంది కదా, మా పిల్లలు దిండును తిప్పి అటువైపే పైకి పెడతారు. నూలు మరీ మెత్తబడి ఉంటే లోపల లైనింగ్ వేయండి, లేకపోతే నెల తిరక్కుండానే కుట్టు దగ్గర చిరుగుతుంది.

అంచును ప్లెయిన్ కుర్తీకో, ప్లెయిన్ చీరకో వేసుకోవడం చూడటానికి తేలిక. కానీ ఎక్కువ మంది దగ్గర ముడతలు పడేది ఇక్కడే. అంచు పై కుట్టు ఎడమ నుంచి కుడికి వేసి, కింది కుట్టు కుడి నుంచి ఎడమకు వేస్తారు. బట్ట అటూ ఇటూ సాగి అంచు మెలి తిరుగుతుంది. రెండు కుట్లూ ఒకే కొస నుంచి మొదలుపెట్టాలి. మిషన్ టెన్షన్ కొంచెం తగ్గించి, పట్టుకైతే 11 నంబరు సూది, కుట్టు కాస్త పొడుగ్గా పెట్టండి. చేత్తో కచ్చా కుట్టు వేసుకున్నాకే మిషన్ ఎక్కించండి, పిన్నులు పట్టులో రంధ్రాలు మిగులుస్తాయి. అంచు బలహీనంగా ఉంటే ఒకవైపు జిగురు ఉండే పలచటి ఫ్యూజింగ్ క్లాత్ వెనుక వేసి ఇస్త్రీతో అతికించండి. అప్పుడది జాకెట్ చేతులకు కూడా ఆగుతుంది. కుర్తీ బట్టను ముందే తడిపి ఆరబెట్టాలి. కొత్త నూలు మొదటి ఉతుకులో కుంచించుకుపోతుంది, పాత అంచు కుంచించుకోదు. తర్వాత చూస్తే అంచు ఉబ్బెత్తుగా లేచి ఉంటుంది.

నూలు బాడీ మెత్తగా, అక్కడక్కడ పలచబడి మిగిలితే అది బొంతకు. పసిపిల్లల కింద వేయడానికి ఉతికి ఉతికి మెత్తబడిన గద్వాల నూలంత హాయి బట్ట నాకు కనపడలేదు. దాదాపు 30 అంగుళాల వెడల్పు, 40 అంగుళాల పొడుగుతో నాలుగు పొరలు పరవండి. గట్టిగా ఉన్న ముక్కలు పైనా కిందా, పలచబడినవి మధ్యలో. నడుమ నుంచి బయటికి కచ్చా కుట్లు వేసి, తర్వాత రెండు వేళ్ళ ఎడంతో వరుసలు కుట్టుకుంటూ పోవాలి. మూలల నుంచి మొదలుపెడితే బట్ట మధ్యలో ఉబ్బుతుంది. మా అత్తమ్మ దారపు ఉండ కొననే కొనదు, చీర కొస నుంచి పోగులు లాగి మూడు కలిపి పేని దాంతోనే కుడుతుంది. జరీ మాత్రం ఇందులో వద్దు, పసిపిల్లల ఒంటికి గీసుకుంటుంది.

మిగిలిన పేలికలతో చిన్నవి ఎన్నైనా వస్తాయి. క్రాస్‌గా, అంటే ఏటవాలుగా, అంగుళం వెడల్పు పట్టీ తీసి, ఫెవికాల్ రాసి పాత ప్లాస్టిక్ గాజుకు చుట్టండి. క్రాస్ పట్టీ సాగుతుంది కాబట్టి గుండ్రంగా ఉన్నా ముడతపడదు. కొంగు పోగులతో జాకెట్ తాళ్ళకు కుచ్చులు కట్టుకోవచ్చు. బతుకమ్మ రోజుల్లో మ్యాచింగ్ కుచ్చుల కోసం నా దగ్గరికి వచ్చే పిల్లలకు నేను డబ్బులు తీసుకోను, పేలికలే తెమ్మంటాను.

రెండింటికి మాత్రం కత్తెర పెట్టొద్దు. ఒకటి వెండి జరీ ఉన్న పాత పట్టు. దాన్ని ముందు కంసాలికి చూపించండి, జరీ వెలే చాలా ఉండొచ్చు. రెండోది తేలియా రుమాల్. పుట్టపాక వైపు పాత ఇళ్ళల్లో పెట్టెల అడుగున ఇప్పటికీ ఒకటో రెండో ఉంటాయి: ఎరుపు, నలుపు, తెలుపు, చదరపు బట్ట. నూలును నూనెలో, ఆముదపు కాయల బూడిద నీళ్ళలో రోజుల తరబడి నానబెట్టి, పడుగుకూ (నిలువు పోగులు) పేకకూ (అడ్డం పోగులు) రెండింటికీ ముళ్ళు కట్టి రంగు అద్ది నేస్తారు. ఆ ఊరి నేత కళాకారుడు గజం గోవర్ధన గారికి 2011లో పద్మశ్రీ వచ్చింది, 2020లో తేలియా రుమాల్‌కు భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) కూడా వచ్చింది. అలాంటిది మీ ఇంట్లో ఉంటే కత్తిరించకుండా నూలు బట్ట తొడిగిన అట్టకు నాలుగు మూలలా దారంతో కుట్టి ఫ్రేమ్ కట్టించండి. జిగురు రాయొద్దు, ఎండ తగిలే గోడకు పెట్టొద్దు.

గలేబులను లోపలి వైపు పైకి తిప్పి చేత్తోనే ఉతకండి. జరీ ఉన్నవి వాషింగ్ మెషీన్‌లో వేస్తే జరీ పోగులు పైకి లేస్తాయి. లేచిన పోగును లాగకుండా సూదితో వెనక్కి తోసేయండి.