గన్నీ బ్యాగ్ ఎక్కడ పుట్టింది: ఇంగ్లీషు పదం వేరు వెతికే పద్ధతి

నేను నెల్లిమర్ల దగ్గర హైస్కూల్లో ఇంగ్లీషు చెబుతాను. చుట్టూ జూట్ మిల్లు మనుషులే కాబట్టి, పదాల పుట్టుక గురించి చెప్పాల్సి వస్తే ‘గన్నీ బ్యాగ్’తో మొదలుపెడతాను. "సార్, అది మన గోనే కదా!" అని పిల్లలు వెంటనే పట్టేస్తారు. చాలా మంచి ఊహ. కానీ ఊహను రుజువు దాకా తీసుకెళ్లాలి.

ముందు ఆ మాట ఇంగ్లీషు రాతల్లో ఎప్పుడు కనిపించిందో చూడండి. మన దేశం నుంచి వెళ్లిన మాటలకు యూల్, బర్నెల్ 1886లో తెచ్చిన ‘హాబ్సన్-జాబ్సన్’ నిఘంటువు బంగారం. షికాగో యూనివర్సిటీ సైట్లో ఉచితంగా చదవొచ్చు. అర్థం ఒక్కటే చూసి మూసేయకండి, కింద తేదీలతో ఇచ్చిన పాత వాక్యాలు చదవండి. గన్నీ కింద లాకియర్ అనే ఇంగ్లీషు రచయిత 1711లో రాసిన వాక్యం ఉంది. పంచదారను రెండేసి సంచుల్లో కట్టినప్పుడు పై సంచికి కూడా బేరంలో విలువ కట్టేవారట. అక్కడ స్పెల్లింగ్ జి-ఓ-ఎన్-ఇ-వై. అంటే అప్పటికింకా ‘గో’ పోలేదు. మాట సరుకుతో పాటే ఓడెక్కిందని కూడా ఆ ఒక్క వాక్యమే చెబుతోంది.

అక్కడి నుంచి వెనక్కి నడవండి. హిందీ, మరాఠీల్లో గోణి, సంస్కృతంలో గోణీ. సంస్కృత వ్యాకరణం రాసిన పాణిని 4.1.42 సూత్రంలో సరుకు పోసుకునే సంచి అనే అర్థంలోనే ఉంది. రెండు వేల ఏళ్లు దాటినా అర్థం చెదరలేదు, నాకు ఒళ్లు పులకరించేది ఇక్కడే.

ఆ తర్వాత పక్క భాషలు: కన్నడంలో గోణి, తమిళంలో కోణి. నిఘంటువులు గన్నీకి హిందీ, మరాఠీల దారే చూపిస్తున్నాయి కాబట్టి మన గోనెను దానికి తల్లి అనకుండా తోబుట్టువు అనడమే న్యాయం.

రెండో పదంగా గోనె సంచులు నేసే నార పేరు ‘జూట్’ పట్టుకోండి. ఒకప్పుడు ఇంగ్లండుకు వలసపోయిన జూట్ తెగ పేరు కూడా ఇదే స్పెల్లింగ్, దానికీ నారకూ ఏ సంబంధమూ లేదు. నార పేరు బెంగాలీ వైపు నుంచి వచ్చింది, మూలం జడ అనే అర్థమున్న సంస్కృత పదం. ఒడియాలోనూ దీన్ని ఝోటొ అంటారు. ఇచ్ఛాపురం వైపు ఇంట్లో ఒడియా మాట్లాడే స్నేహితులుంటే వాళ్ల నోటితో ఒకసారి పలికించి, ఎలా వినిపించిందో అలాగే రాసుకోండి.