కౌజు పిట్టల గూడు: ఎత్తు, నేల, గాలి

కౌజు పిట్ట ఉలిక్కిపడితే నిటారుగా పైకి ఎగురుతుంది. గట్టి కప్పు 2, 3 అడుగుల ఎత్తులో ఉంటే అక్కడే ప్రమాదం: వేగం అందుకున్నాక తల కొట్టుకుని మాడు చీలుతుంది, ఒక్కోసారి ప్రాణమే పోతుంది. అందుకే కప్పును అడుగులోపే ఉంచండి, లేదా 6 అడుగులకు పైన కట్టండి. ఎలాగైనా కప్పు కింద 5 సెంటీమీటర్ల జాగా వదిలి మెత్తని నైలాన్ వల బిగించండి. ఇనుప జాలీ ఒక్కటే చాలదు.

పిట్టకు 1 చదరపు అడుగు ఇవ్వండి. ఇరుకైతే ఈకలు పీక్కుంటాయి. వెలుతురు మరీ ఎక్కువైనా అంతే. ముక్కు కత్తిరించడం మందు కాదు, ముందు పిట్టల సంఖ్య తగ్గించండి.

నేలంతా జాలీ అయితే పాదాలు పుండ్లు పడతాయి. కనీసం సగం భాగంలో 5 సెంటీమీటర్ల మందాన రంపపు పొట్టు పరచండి. ఓ మూల పొడి ఇసుక తొట్టి పెట్టండి, మట్టి స్నానం లేకపోతే ఈకలు జిడ్డు పడతాయి. దాక్కోవడానికి కొమ్మలో, బోర్లించిన పెట్టెలో ఉండాలి.

పిట్టల ఎత్తుకు వంగి వాసన చూడండి. కళ్లు మండితే అమోనియా పేరుకున్నట్టే: తడి పొట్టు తీసేయండి, పై గాలి కిటికీలు తెరవండి.

పిల్లలకు మొదటి వారం 35 నుంచి 37 డిగ్రీల వేడి కావాలి. నీళ్ల పళ్లెంలో గులకరాళ్లు వేయండి, లేదంటే మునిగిపోతాయి.