గోదావరి పొంగకముందే ఆసుపత్రి దారి చూసుకోవాలి

భద్రాచలం వద్ద గోదావరి నీటిమట్టం 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరికను, 48 అడుగులకు రెండవదానిని, 53 అడుగులకు మూడవదానిని జారీ చేస్తారు. ముంపు మండలాల వారికి ఈ అంకెలు కంఠతా వచ్చు. అయితే ఇంట్లో నెలలు నిండిన గర్భిణి గానీ మంచం పట్టిన పెద్దలు గానీ ఉన్నవారు మూడవ హెచ్చరిక దాకా వేచి ఉండకూడదు. కూనవరం వద్ద శబరి వచ్చి గోదావరిలో కలుస్తుంది. గోదావరి నిండుగా ఉన్నప్పుడు శబరి నీరు దిగువకు పోలేక చింతూరు వైపు ఎగదన్నుతుంది, వాగులు వెనక్కి పొంగి కాజ్‌వేలను ముంచేస్తాయి. ఊరు మునగడానికి ముందే ఊరి దారి మునిగిపోతుంది.

2022 జూలైలో నీటిమట్టం 71 అడుగులు దాటినప్పుడు భద్రాచలం వంతెనపై రాకపోకలను నిలిపివేశారు. భద్రాచలం ఏరియా ఆసుపత్రి నదికి ఎడమ ఒడ్డున ఉంది. అక్కడి నుండి పై వైద్యానికి పంపే కొత్తగూడెం, ఖమ్మం, వరంగల్ ఆసుపత్రులన్నీ ఆవలి ఒడ్డున ఉన్నాయి. కాబట్టి ‘భద్రాచలం చేరిస్తే చాలు’ అనుకోవడం వేసవిలో సరిపోతుందేమో గానీ వరదలో సరిపోదు. వారానికి రెండు మూడుసార్లు డయాలసిస్ చేయించుకునేవారు, గుండె జబ్బు ఉన్నవారు, కవలలను మోస్తున్నవారు, మొదటి కానుపు ఆపరేషన్ అయినవారు నీరు పెరుగుతుందన్న కబురు అందగానే, తమకు వైద్యం జరిగే పట్టణానికి ముందే చేరుకోవాలి. చింతూరు వైపు వారికి మారేడుమిల్లి ఘాట్ మీదుగా రంపచోడవరం, రాజమహేంద్రవరం వెళ్ళే దారి ఉంది. కానీ జోరువానలో ఘాట్‌లో చెట్లు కూలడం, కొండచరియలు విరిగిపడడం మామూలే గనుక దానినొక్కదాన్నే నమ్ముకోకుండా బయలుదేరే ముందు అవతలి నుండి వచ్చిన డ్రైవర్లను అడిగి తెలుసుకోవాలి.

గర్భిణుల విషయంలో నా అభిప్రాయం కచ్చితమైనది: కానుపు తేదీకి కనీసం రెండు వారాల ముందు ఆసుపత్రి ఉన్న ఊరిలో, బంధువుల ఇంట్లోనైనా, గర్భిణుల వసతి గృహంలోనైనా ఉండాలి. పొలం పనులు, ఇంట్లోని చిన్నపిల్లలు అడ్డు వస్తారన్నది నిజమే, కానీ డోలీలో వాగు దాటించడం వాటన్నిటికంటే కష్టం. రక్తస్రావం, తీవ్రమైన తలనొప్పితో చూపు మసకబారడం, ఫిట్స్, ఉమ్మనీరు పోవడం, బిడ్డ కదలికలు తగ్గడం కనిపిస్తే తేదీతో పని లేకుండా వెంటనే బయలుదేరాలి.

నీరు ఎక్కినప్పుడు పాములు మెట్టకు, అంటే మన ఇళ్ళకు చేరతాయి. కట్లపాము కాటు నిద్రలో పడితే నొప్పి గానీ గాటు గానీ తెలియకపోవచ్చు. తెల్లవారుజామున కడుపునొప్పి, కనురెప్పలు వాలిపోవడం, మాట ముద్దగా రావడం వంటివి కనిపిస్తే పామును ఎవరూ చూడకపోయినా పాముకాటుగానే భావించాలి. తాడు బిగించడం, గాటు పెట్టడం, నోటితో పీల్చడం, మంత్రం వేయించడం ఏవీ వద్దు. కరిచిన కాలిని లేదా చేతిని కదలకుండా కర్రకట్టుతో ఉంచి, రోగిని నడిపించకుండా మోసుకెళ్ళాలి. ఇక్కడ పెద్ద ఆసుపత్రి కోసం వెతకడం కంటే విరుగుడు ఇంజెక్షన్ ఉన్న దగ్గరి ఆసుపత్రికి చేరడమే ముఖ్యం. అది ఏ పీహెచ్‌సీలో నిల్వ ఉందో ఏఎన్ఎంను ఇప్పుడే అడిగి ఉంచుకోవాలి. నేలపై కాక మంచంపై పడుకుని, దోమతెర అంచులను పరుపు కిందికి దోపుకుంటే కట్లపాము నుండీ దోమ నుండీ రక్షణ ఉంటుంది.

జ్వరం వచ్చిన రోజే ఆశా కార్యకర్త వద్ద మలేరియా రక్తపరీక్ష చేయించుకోవాలి. రెండు రోజులు సెలైన్లతో నెట్టుకొచ్చి మూడో రోజు దారి మూసుకుపోయాక అంబులెన్సును పిలవడం ఈ ప్రాంతంలో పరిపాటి అయింది. డెంగీ అనుమానం ఉంటే పారాసెటమాల్ తప్ప ఇతర నొప్పి మాత్రలు వాడరాదు. జ్వరం తగ్గిన తర్వాత కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళ నుండి రక్తం కనిపిస్తే అది కోలుకోవడం కాదని గ్రహించాలి.

ముంపు మండలాల్లో కొన్ని 2014లో ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. సరిహద్దులో 108కి ఫోన్ చేసినప్పుడు పొరుగు రాష్ట్రపు టవర్ అందితే ఆ రాష్ట్ర కేంద్రానికి కాల్ వెళ్ళే అవకాశం ఉంది గనుక, ముందుగా రాష్ట్రం, మండలం, ఊరు చెప్పి, ఆ తర్వాతే రోగి పరిస్థితి చెప్పాలి. అంబులెన్సు వాగు దాటలేకపోతే ఏ ఒడ్డున కలుసుకోవాలో, అక్కడిదాకా పడవ ఎవరిదో, ట్రాక్టర్ ఎవరిదో ముందే మాట్లాడి పెట్టుకోవాలి.

ఆధార్, రేషన్ కార్డు, ఆరోగ్యశ్రీ కార్డు, మాతా శిశు సంరక్షణ కార్డు, పాత చీటీలు ఒకే ప్లాస్టిక్ కవరులో కట్టి దూలానికి వేలాడదీయాలి. బీపీ, షుగర్, క్షయ మందులు నెలకు సరిపడా ఉండాలి. కరెంటు లేనప్పుడు ఇన్సులిన్‌ను నీరు తగలకుండా మూసి తడి ఇసుక పోసిన కుండలో ఉంచవచ్చు. ఒక ఆసుపత్రి నుండి మరొకదానికి పంపుతున్నప్పుడు ఏ ఇంజెక్షన్ ఎన్ని గంటలకు ఇచ్చారో చీటీపై రాయించుకోనిదే వాహనం ఎక్కవద్దు.